అలకపాన్పు దిగని అల్లుడు గారికి

మా ఇంటి హాలులో, టీవీ బల్ల పక్కన, కుట్టుపని చేసిన గుడ్డ కప్పుకొని వేంచేసియున్న ఇంక్‌జెట్ ప్రింటరు వారి సముఖానికి, మల్కాజిగిరి నుంచి ఒక గృహస్థు వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు క్షేమంగా లేరన్న సంగతి తమ నారింజరంగు దీపం మూడు నెలలుగా మిణుకుమిణుకుమంటూ చెబుతూనే ఉంది.

తమరు 3,200 రూపాయలకే మా గుమ్మం తొక్కారు. కట్నం అక్కర్లేదంటూ వచ్చిన సంబంధాన్ని ముందుగా అనుమానించాలని మా నాయనమ్మ అనేది, నేను వినలేదు. తమతోపాటు పెట్టెలో వచ్చిన కార్ట్రిడ్జులలో సిరా నిండుగా ఉండదని, అది పెళ్లివారికి ఇచ్చే పానకం వంటిదేనని, అసలు విందు ఖర్చు మాదేనని మొదటి దసరాకే తెలిసింది. నలుపు ఒకటి, మూడు రంగులది ఒకటి, రెండూ కలిపి 1,900 రూపాయలు. సంక్రాంతికి మళ్లీ అదే కానుక. ఉగాది నాటికి తమ కానుకల లెక్క తమ వెలను దాటిపోయింది. ‘జామాతా దశమో గ్రహః’ అన్న పెద్దలు తమను చూడకుండానే ఆ మాట అనగలిగారంటే వారి దూరదృష్టికి నమస్కరించాలి.

అయినా డబ్బు మాట పక్కన పెడతాను. మా చిన్నవాడి ఎంసెట్ హాల్‌టికెట్ ముద్రించవలసి వచ్చిన రాత్రి, అది ఆసాంతం నల్లని అక్షరాలే అయినప్పటికీ, పసుపు రంగు అయిపోయిందన్న కారణం చూపి తమరు అలకపాన్పు ఎక్కారు. సరే, ముద్రించకపోతే మానె, వాడి ఆధార్ కార్డునైనా స్కాన్ చేసి పెట్టమని బతిమాలితే, సిరా చుక్కతో పనిలేని ఆ స్కానింగుకు కూడా తమరు ఒప్పుకోలేదు. పసుపు లేనిదే శుభకార్యం జరగదన్న ఆచారాన్ని ఇంత నిష్ఠగా పాటించేవారిని మా బంధువర్గంలో మరొకరిని చూడలేదు.

తమ జబ్బు ఏమిటో తరువాత విచారించాను. తమ ముద్రణ తలలో వెంట్రుక కన్నా సన్నని రంధ్రాలు ఉంటాయి. నెలకు రెండు కాగితాలు ముద్రించుకునే మా వంటి ఇంట్లో, అందులోనూ మే నెల ఎండలో, వాటిలోని సిరా ఎండి బిగుసుకుపోతుంది. దానిని వదిలించడానికి తమరు నిద్ర లేచిన ప్రతిసారీ గొంతు సవరించుకున్నట్టు కొంత సిరాను పుక్కిలించి, లోపల ఉన్న దూది మెత్తలో ఉమ్మేస్తారు. అంటే నేను కొన్న సిరాలో కాగితం ముఖం చూసేది ఎంత, తమ కడుపులోని ఆ మెత్తకు దక్కేది ఎంత అన్నది తమకే ఎరుక. తమ దాయాదులలో కొందరు ఆ మెత్త ఎంత తడిసిందో కూడా లెక్క పెట్టుకుని, లెక్క నిండిన రోజున మిగతా అవయవాలన్నీ బాగున్నా పని మానేస్తారట. ఇన్ని కాగితాలు వస్తాయని కార్ట్రిడ్జు పెట్టె మీద అచ్చువేసిన పుటల సంఖ్య అబద్ధం కాదు. ఐఎస్‌ఓ 24711 అనే ప్రమాణం ప్రకారం ప్రయోగశాలలో పరీక్షా పుటలను వరసగా ముద్రిస్తూ పోయి లెక్కించినది. మా ఇల్లు ప్రయోగశాల కాదు, రెండు కాగితాల మధ్య మాకు పండగలు, పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు వస్తాయి.

బయట సిరా నింపించి తెస్తే తమరు వాసన పట్టి ముట్టరు, కార్ట్రిడ్జు మీద అతికించిన చిప్ తమకు చాడీలు చెబుతుంది కనుక. ఒకసారి అమ్మిన కార్ట్రిడ్జు మీద తయారీదారుకు ఇక పేటెంటు హక్కు మిగలదని అమెరికా సుప్రీంకోర్టు 2017లో లెక్స్‌మార్క్ అనే ప్రింటర్ల కంపెనీ కేసులో తీర్పు చెప్పింది. హక్కు పోయినా చిప్ పోలేదు. తీర్పులకు లొంగని అల్లుళ్లు ఉంటారని న్యాయమూర్తులకు తెలియదు కాబోలు.

అందువల్ల కొత్త సంబంధం చూశాను. నలుపు తప్ప మరో రంగు ఎరుగని లేజర్ ప్రింటరు. ఆయన వంశం పెద్దది. 1938 అక్టోబరు 22న న్యూయార్కులోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ గంధకం పూసిన జింకు రేకు మీద విద్యుదావేశం పుట్టించి, ఒక పొడి చల్లి, మొట్టమొదటి జిరాక్స్ ప్రతి తీశాడు. సిరా లేకుండా పొడితో అచ్చువేసే లేజర్ ప్రింటరుదీ ఆ పద్ధతే. మన వీధి చివర జిరాక్స్ షాపు పేరులోని గ్రీకు మాటకు అర్థం ‘పొడి’ అనే. తడి లేనిదానికీ, పిండిగా ఉన్నదానికీ ఒకటే మాట ఉన్న తెలుగువారికి ఈ యంత్రం కిటుకు విడమరచి చెప్పనక్కరలేదు. పొడి ఎండదు. ఆరు నెలలు ఊరెళ్లి వచ్చి మీట నొక్కినా టోనరు అనే ఆ పొడి తాను చేయవలసిన పని చేస్తుంది. ఆ ఒక్క గుణం కోసం నేను ఆయన నల్లదనాన్నీ, బరువునీ, 12,000 రూపాయల కట్నాన్నీ ఒప్పుకున్నాను.

ఈసారి వరుడి తరపువారిని అడగలేదు. సికింద్రాబాదులో కంప్యూటరు సామాన్ల అంగళ్లుండే చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లి, చేతులకు నల్లపొడి అంటిన ఒక రీఫిల్ పనివాణ్ణి అడిగాను: ‘ఏ మోడల్ నీ దగ్గరికి తరచు వస్తుంది, ఏ మోడల్‌కు సామాను దొరుకుతుంది?’ ఆయన చెప్పినది ఏ ప్రకటనలోనూ లేదు. పొడిని కాగితం మీదికి ఎక్కించే డ్రమ్మూ, టోనరూ వేర్వేరుగా ఉంటే అరిగినదాన్నే మార్చుకోవచ్చు. కాగితం లాగే రబ్బరు రోలరు, వేడిచేసే ఫ్యూజరు పదేళ్ల తరువాత కూడా అంగడిలో దొరకాలి. మొబైల్ యాప్‌లో ఖాతా తెరిస్తే తప్ప పనిచేయనన్నదాన్ని ఇంటికి తేకూడదు. ఏ పుట ఎలా అచ్చువేయాలో కంప్యూటరు ప్రింటరుకు చెప్పే పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ వంటి పాత భాషలు వచ్చిన ప్రింటరుకు కంప్యూటరు మారినా మాట పడిపోదు. 1992 నాటి హెచ్‌పీ లేజర్‌జెట్ 4 వంటి ప్రింటర్లు అంతకాలం నిలిచాయంటే దుక్కలాంటి ఒళ్లు ఒక్కటే కారణం కాదు, ఆ భాషాజ్ఞానం కూడా.

కొత్త అల్లుడికీ లోపాలున్నాయి, దాచను. ఫ్యూజరు వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు తాగుతుంది కనుక చిన్న యూపీఎస్‌కు తగిలించకూడదు. వానాకాలంలో విప్పిన కాగితాల రీము చెమ్మ పీల్చి గొంతుకు అడ్డుపడుతుంది. పెళ్లి ఫొటోలు ఆయన చేత కావు. బడిపిల్లల ప్రాజెక్టులకు వారం వారం రంగులు కావలసిన మా తమ్ముడి ఇంట్లో సిరా ట్యాంకు ప్రింటరే నయం; పని తగలకుండా ఉంటే అదీ తమ రక్తమే, ఎండి బిగుసుకుంటుంది.

ఇక తమ ప్రస్థానం గురించి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలలో ప్రింటర్లూ కార్ట్రిడ్జులూ ఉన్నాయి. తమ అంత్యదశ బాధ్యత తమ కన్నవారిదే. రేపు ఆదివారం సారెతో సహా, అంటే ఖాళీ కార్ట్రిడ్జులు ఏడింటితో సహా, తమను వారు చూపిన సేకరణ కేంద్రంలో దిగబెడతాను.

ఇట్లు,
తమ మాజీ మామగారు

తా.క. యూఎస్‌బీ తీగ మాత్రం అట్టిపెట్టుకుంటున్నాను. అది తమతో వచ్చినది కాదు. తమరు వచ్చిన రోజునే, పెట్టెలో లేదని, విడిగా 150 రూపాయలు పెట్టి నేను కొన్నది.