బయాప్సీలో తేలాక మళ్లీ పరీక్షలెందుకు అనే మెసేజ్ గురించి

కొన్నాళ్లుగా వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "రొమ్ము క్యాన్సర్ అంతా ఒకటే జబ్బు. బయాప్సీలో తేలాక ఐహెచ్‌సీ అంటూ మళ్లీ రాసేది డబ్బు గుంజడానికే. జీన్ టెస్ట్ చేయిస్తే ప్రొటీన్ పరీక్షలతో పనిలేదు. ట్రిపుల్ నెగటివ్ అని వస్తే మందే లేదు" అని. ఇది నమ్మి ఎవరైనా పరీక్ష మానేస్తారేమోనని నా భయం.

ఒకటే జబ్బు కాదు. మైక్రోస్కోపులో ఒకేలా కనిపించిన రెండు గడ్డలు ఒకే మందుకు లొంగకపోవచ్చు. కణాల్లో ఈస్ట్రోజన్ రిసెప్టర్ అనే ప్రొటీన్ ఉంటేనే టామాక్సిఫెన్ లాంటి హార్మోన్ మాత్రలు పనిచేస్తాయి. అది లేని క్యాన్సర్‌కు ఆ మాత్రలు ఏళ్ల తరబడి మింగినా ఫలితం ఉండదు. హెర్2 ప్రొటీన్ బాగా ఎక్కువగా ఉంటే ట్రాస్టుజుమాబ్ ఇస్తారు. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు పట్టుకునేది ఆ ప్రొటీన్‌నే. మరి ఏ ప్రొటీన్ ఉందో చూడకుండా మందు ఎలా రాస్తారు?

ఆ ప్రొటీన్లను చూసే పరీక్షే ఐహెచ్‌సీ. దానికి మళ్లీ సూది గుచ్చరు. మొదట తీసిన ముక్క మైనపు దిమ్మలో భద్రంగా ఉంటుంది. దాన్నే పలచటి పొరలుగా కోసి, యాంటీబాడీలు వేసి, రంగు ఎంత పట్టిందో చూస్తారు. హెర్2కు 0, 1+, 2+, 3+ అని స్కోరు ఇస్తారు. 2+ వస్తే ఎటూ తేలలేదని అర్థం. అప్పుడే హెర్2 జన్యువు ప్రతులు ఎక్కువగా ఉన్నాయా అని చూసే ఫిష్ టెస్ట్ అడుగుతారు. "ఇంకోటి రాశారు, మోసం" అని చాలామంది టెన్షన్ పడేది ఇక్కడే.

జీన్ టెస్ట్ మాటకొస్తే, బీఆర్‌సీఏ అనే జన్యువుల్లో లోపం ఉందా అని చూసే పరీక్ష అవసరం దానికి ఉంది. కానీ జన్యువులో ఉన్న సూచన అంతా ప్రొటీన్‌గా మారుతుందని లేదు. 2016లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, జన్యు వివరాలు అప్పటికే తెలిసిన 77 గడ్డల ప్రొటీన్లను మాస్ స్పెక్ట్రోమెట్రీతో (అణువుల బరువును బట్టి గుర్తించే పద్ధతితో) కొలిచారు. జన్యువు సూచనను మోసే ఆర్‌ఎన్‌ఏ లెక్కల్లో సరిగా కనిపించని గడ్డల గుంపు ఒకటి, ప్రొటీన్ల పనిని మార్చే ఫాస్ఫేట్ గుర్తులను చూసినప్పుడు బయటపడింది. ఈ పద్ధతి ఇంకా పరిశోధన దశలోనిదే, మన ల్యాబుల్లో రోజూ చేసేది కాదు.

ట్రిపుల్ నెగటివ్ అంటే ఈస్ట్రోజన్ రిసెప్టర్, ప్రొజెస్టరాన్ రిసెప్టర్ లేకుండా, హెర్2 కూడా ఎక్కువగా లేని క్యాన్సర్. దానికి మందే లేదన్నది పచ్చి అబద్ధం. హార్మోన్ మాత్రలు, ట్రాస్టుజుమాబ్ పనికిరావు, అంతే. కీమో ఉంది. కొందరికి ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పురిగొల్పే మందు), బీఆర్‌సీఏ లోపం ఉన్నవారికి క్యాన్సర్ కణాల డీఎన్‌ఏ మరమ్మతును అడ్డుకునే పార్ప్ మాత్రలు ఉన్నాయి. ట్రాప్2 అనే ప్రొటీన్‌ను గురిపెట్టే ఇంజెక్షన్ కూడా వచ్చింది.

ఖర్చు భారమన్నది మాత్రం నిజమే. అందుకే ఆ మైనపు దిమ్మనూ స్లైడ్లనూ ల్యాబు నుంచి అడిగి తీసుకోండి. రెండో డాక్టరు దగ్గరికి వెళ్లినా వాటితోనే చూడవచ్చు.