హోస్టా గారి శీతనిద్ర

నెల్లూరులోని మా అపార్టుమెంటుకు ఉత్తరాన, ప్రహరీ గోడకూ నీళ్ల సంపుకూ నడుమ, నేలంతా నీడ పడే ఆరడుగుల జాగా ఒకటి ఉన్నది. దాని భవిష్యత్తును తేల్చడానికి మొన్న ఆదివారం సర్వసభ్య సమావేశం జరిగింది. లిఫ్టు ఆగిపోయి నాలుగు నెలలైన సంగతి అజెండాలో ఐదో అంశం గనుక అక్కడి దాకా వెళ్లలేకపోయాము.

పోటీ హోస్టా అనే అలంకరణ మొక్కకూ బచ్చలికీ. అమెరికాలో కొడుకు ఇంట ఆరు నెలలుండి వచ్చిన కార్యదర్శి గారిది హోస్టా పక్షం. చైనా, జపాన్, కొరియాలలో పుట్టి, 1812లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు హోస్ట్ పేరు పెట్టించుకున్న ఆ మొక్క నీడలోనే హాయిగా బతుకుతుందనీ, ఏటేటా తానే చిగురించి లేత ఊదా పూలు పూస్తుందనీ ఫోనులో ఫొటోలు తిప్పుతూ వివరించారు. అన్నీ నిజాలే. చిగురించే ముందు అది చలికాలమంతా వణికించే చలిలో నిద్రపోవాలన్న నిజం మాత్రం ఫొటోల్లో పడలేదు. సంక్రాంతికి కూడా ఫ్యాను ఆపని ఊళ్లో దానిని నిద్రపుచ్చడమెలాగని అడిగితే, కుండీలతో సహా ఫ్రిజ్‌లో పెడదామని కోశాధికారి గారు సెలవిచ్చారు. ఎవరి ఫ్రిజ్‌లో అన్నదానిపై నలభై నిమిషాలు చర్చ నడిచింది. ఫ్లాటుకొక కుండీ, అద్దెకున్నవారికి మినహాయింపు లేదు, దోసెల పిండి బయటికి, హోస్టా లోపలికి అని తీర్మానమైంది. కరెంటు పోతే జనరేటరును ముందుగా ఫ్రిజ్‌లకే ఇవ్వాలన్న మూడో అంతస్తువారి సవరణ ఏకగ్రీవంగా నెగ్గింది. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, దానికి విసనకర్ర పట్టే సంగతిని ఉపసంఘానికి వదిలారు.

తుంచిన కాడ గుచ్చితే చాలు, అల్లుకుని పప్పులోకి వస్తుందని బచ్చలి తరఫున నేను విన్నవించాను. తినే మొక్క వేస్తే లుక్కు పోతుందన్నారు. జపాన్‌లో హోస్టా లేత చిగుళ్లను వండుకు తింటారని చెప్పేసరికి సభ కాసేపు దాని కులగోత్రాలను శంకించింది.

ఇంతకూ ఆ జాగా ఖాళీది కాదు. రెండేళ్ల కిందట వాచ్‌మన్ భార్య గుచ్చిన ఎర్రకాడ బచ్చలి గోడెక్కి తన ఎండను తానే వెతుక్కుంది. అడిగినవారికీ అడగనివారికీ ఆమె గుప్పెడు కోసి గుమ్మంలో పెట్టేది. కార్యదర్శి గారింట ఆ పప్పు ఎన్నిసార్లు ఉడికిందో మా వంటింటి కిటికీకి తెలుసు. సమావేశానికి ముందురోజే దానిని వేళ్లతో పీకించారు, అదీ ఆమె చేతనే. చిదికిన పండ్ల ఊదా మరకలు సిమెంటు మీద ఇంకా ఆరలేదు. ఆ కూర కలుపుకుని తిన్న నోటితోనే ‘స్లమ్ములా ఉంది’ అనడానికి సిగ్గుండాలి!

అమెరికాలో బచ్చలిని మలబార్ స్పినాచ్ అంటారని చివరలో చెప్పాను. కార్యదర్శి గారు కళ్లద్దాలు సవరించుకుని, కొడుకు ఇంటి వెనుక దానిని చూశానని, అదైతే ఆలోచించవచ్చునని, కొటేషను తెప్పించమన్నారు.