హోటల్ లాండ్రీకి మినహాయింపు, బాయి బట్టలకు పన్ను!

గోదావరిఖని బొగ్గు గని కార్మికుల క్వార్టర్లలో బాయి బట్టలకు, అంటే గనిలో వేసుకునే బట్టలకు, వేరే బకెట్ ఉంటుంది. పిల్లల స్కూలు చొక్కాలు దాని దరిదాపుల్లోకి రావు. మొదటి నీళ్లు తారులా దిగుతాయి, రెండో నీళ్లు కాస్త పలచబడతాయి, మూడోసారి జాడించినా కాలరు మడతలోనూ జేబు మూలల్లోనూ నలుపు కూర్చునే ఉంటుంది. ఈ ఉతుకుడు కోసమే బొగ్గు వేతన ఒప్పందాల్లో వాషింగ్ అలవెన్స్ అని ఓ చిన్న పద్దు పెట్టారు. కొత్త పన్ను విధానంలో ఉన్న కార్మికుడికి ఆ పద్దు కూడా ఆదాయమే. ఇది తప్పు. చిన్న మొత్తమే కదా అని వదిలేసే తప్పు కూడా కాదు.

సంగతి చాలామందికి తెలిసిందే. 2026 మార్చి దాకా అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(14), దాని కింద రూల్ 2బిబి ప్రకారం, డ్యూటీలో వేసుకునే యూనిఫాం కొనడానికో, శుభ్రంగా ఉంచుకోవడానికో ఇచ్చే అలవెన్స్‌లో నిజంగా ఖర్చయినంత మేరకు పన్ను ఉండేది కాదు. పాత విధానంలో ఆ వెసులుబాటు పదిలంగా ఉంది. రేట్లు తగ్గించి, మినహాయింపులు చాలావరకు తీసేసి 2020లో తెచ్చిన కొత్త విధానంలో లేదు. 2023-24 నుంచి ఏ విధానమో చెప్పని వాళ్లందరికీ కొత్తదే వర్తిస్తోంది.

పోనీ, కొత్త విధానంలో అలవెన్సుల మినహాయింపులన్నీ తుడిచిపెట్టేశారా? లేదు. అసలు తమాషా ఇక్కడే ఉంది. అదే రూల్ 2బిబిలోంచి టూరు, బదిలీ ప్రయాణ ఖర్చులు, టూరులో అయ్యే రోజువారీ ఖర్చులు, ఆఫీసు పని మీద తిరిగే రవాణా ఖర్చులు మాత్రం 2020 జూన్‌లో ఒక నోటిఫికేషన్‌తో భద్రంగా కొత్త ఇంట్లోకి తెచ్చుకున్నారు. యూనిఫాంను గుమ్మం బయటే వదిలేశారు.

దీని ఫలితం చూడండి. హైదరాబాద్ ఆఫీసు నుంచి ఓ మేనేజరు గారు మూడు రోజుల పని మీద ముంబై వెళ్తారు. ఏసీ గదిలో మీటింగు, ఏసీ కారులో తిరుగుడు. రాత్రికి చొక్కా విప్పి హోటల్ వాళ్ల లాండ్రీ సంచిలో పడేస్తారు. తెల్లారేసరికి ఇస్త్రీ చేసి, హ్యాంగరుకు తగిలించి, కవరు తొడిగి గది తలుపు దగ్గరికి తెచ్చిస్తారు. ఆ బిల్లు టూరు ఖర్చుల్లో రాసుకుంటే కంపెనీ ఇస్తుంది. దాని మీద పైసా పన్ను లేదు, ఏ విధానంలో ఉన్నా సరే. న్యాయమే. ఆయన ఊరు దాటింది ఉద్యోగం కోసం, కాబట్టి ఆ ఖర్చు ఆయన సంపాదన కాదు. మరి భూమి అడుగున ఎనిమిది గంటలు నలిగిన చొక్కా ఎవరి కోసం మాసింది? చెమట పట్టని చొక్కాకు ఉన్న మర్యాద బొగ్గు పట్టిన చొక్కాకు లేదంటే, ఆ చట్టం రాసిన వాళ్లకు టూర్లు తెలుసు, బట్టలుతికే బండ తెలియదు అనుకోవాలి.

ఎదుటివాళ్ల వాదన కూడా విందాం. కొత్త విధానంలో జీతగాళ్లందరికీ ఆదాయంలోంచి ఒకేలా తీసేసే 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ ఉంది, 12 లక్షల దాకా పన్నే పడటం లేదు, ఇంకా ఈ చిల్లర మినహాయింపులెందుకు అంటారు. పైగా యూనిఫాం ముసుగులో పండగ బట్టల బిల్లులు పెట్టిన వాళ్లు తక్కువేం కాదని గుర్తు చేస్తారు. అదీ నిజమే. కానీ ఆ 75,000 టీషర్టులో ఇంటి నుంచి పనిచేసే ఇంజినీరుకూ అంతే, గని పైకప్పు కూలకుండా బోల్టులు బిగించే కార్మికుడికీ అంతే. ఇక ప్లేడేలు (సెలవు రోజు డ్యూటీలు), ఓవర్‌టైమ్, బోనస్ కలుపుకొని 12 లక్షలు దాటే సీనియర్ కార్మికులున్నారు. సింగరేణిలో ఆదాయపు పన్నే రద్దు చేయాలని సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నది ఊరికే కాదు.

దొంగ బిల్లుల బెడదకు మందు బయట ఎప్పుడో కనిపెట్టారు. బ్రిటన్‌లో యూనిఫాం ఇంట్లో ఉతుక్కునే ఉద్యోగికి రసీదులు అడగకుండా ఏడాదికి 60 పౌండ్లు, నర్సులకైతే 125 పౌండ్లు మినహాయిస్తారు. ఆస్ట్రేలియాలో వాషింగ్ మెషీన్ లోడుకు ఒక డాలరు, ఇంటి బట్టలు కలిపి వేస్తే 50 సెంట్లు. (లోడులో ఇంటి లుంగీ ఎన్నోదో ఎవరు లెక్కపెడతారో గానీ.) మన దగ్గర నెలకు 500 చొప్పున ఏడాదికి 6,000 ఇచ్చారనుకుంటే, 20 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి మిగిలేది 1,248 రూపాయలు. దీనికోసం ఎవరూ పాత విధానానికి మళ్లరు. కాబట్టి కొత్త విధానంలోనే, వృత్తిని బట్టి ఒక స్థిరమైన మొత్తం పెడితే సరిపోతుంది.

వృత్తిని బట్టి అన్నానే గానీ, మన ప్రభుత్వాలకు వృత్తి అంటే హోదా. ఏడో వేతన సంఘం తర్వాత, 2017లో కేంద్రం వాషింగ్ అలవెన్స్‌తో సహా యూనిఫాం అలవెన్సులన్నిటినీ కలిపి డ్రెస్ అలవెన్స్ చేసింది. అప్పుడు పెట్టిన లెక్క ఇది: సైనిక అధికారులకు ఏడాదికి 20,000, జవాన్లకు 10,000, రైలు పట్టాల మీద పనిచేసే ట్రాక్‌మన్లకు 5,000. మురికి పెరిగేకొద్దీ డబ్బు తగ్గింది.

మినహాయింపు ఇచ్చినా సగం న్యాయమే. ఎందుకంటే కంపెనీ తన సిబ్బంది బట్టలు లాండ్రీకి పంపితే అది వ్యాపార ఖర్చు, లాభంలోంచి తీసేసుకుంటుంది. అవే బట్టలు కార్మికుడి ఇంట్లో ఉతికితే ఏ పద్దులోకీ రాదు. మా నాన్న ఒక బస్సు డిపోలో మెకానిక్. గ్రీజు మరకల మీద అమ్మ కిరసనాయిలు రుద్ది, సోడాలో నానబెట్టి, బ్రష్షుతో తోమేది. చలికాలంలో వేళ్లు పగిలేవి. జీతం చీటీలో వాషింగ్ అలవెన్స్ నాన్న పేరున వచ్చేది.

పగిలిన వేళ్లతో పోయింది కాబట్టి మేం అదృష్టవంతులం. ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీల్లో పనిచేసిన మగవాళ్ల బట్టలు ఉతికిన భార్యలకు మెసోథెలియోమా క్యాన్సర్ వచ్చిందని 1960లలోనే లండన్ వైద్యులు నమోదు చేశారు. బ్యాటరీ పనివాళ్ల బట్టల మీద సీసం ఇంటికొచ్చి పిల్లల రక్తంలో చేరుతుంది. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టం కార్మికులు కడుక్కోవడానికి వసతి ఉండాలంది, బట్టలు దాచుకోవడానికి, తడివి ఆరబెట్టుకోవడానికి చోటు గురించి కూడా మాట్లాడింది. ఆరబెట్టే చోటు దాకా వచ్చిన ఆలోచన ఉతికే చోటు దాకా రాలేదు. బొగ్గు, సీసం, రసాయనాలు, ఆసుపత్రి వ్యర్థాలు తాకే పనుల్లో బట్టలు గేటు దాటకూడదు. లోపలే లాండ్రీ పెట్టాలి, ఖర్చు యాజమాన్యం రాసుకోవాలి. అది వచ్చేదాకా యూనిఫాం అలవెన్స్ మినహాయింపు ఒక్కదాన్ని కొత్త విధానంలోకి తెస్తే చాలు. నోటిఫికేషన్‌తో పక్కన పెట్టినదాన్ని మరో నోటిఫికేషన్‌తో లోపలికి పిలవొచ్చు, పార్లమెంటు దాకా పోనక్కర్లేదు.