శాతం చూసి తీర్పా?

పీహెచ్‌డీ సబ్మిషన్ దగ్గరపడితే స్కాలర్లకు వైవా కంటే పెద్ద టెన్షన్, థీసిస్‌లో ఎంత భాగం ఇతరుల రచనలతో కలుస్తోందో సాఫ్ట్‌వేర్ చూపించే శాతమే. తొమ్మిది వస్తే గండం గడిచినట్టు. పదకొండు వస్తే గైడ్ దగ్గరికి పరుగు. ఆ తర్వాత ఏం జరుగుతుందో విశ్వవిద్యాలయాల్లో తెలియనివారు లేరు. వాక్యాలు తిరగేస్తారు, మాటకు బదులు మాట పెడతారు, మళ్లీ అప్‌లోడ్ చేస్తారు. శాతం దిగుతుంది. ఎత్తి రాసిన విషయం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 40 వరకు ఉంటే ఆరు నెలల్లోగా సవరించి ఇవ్వాలి. 60 వరకు ఉంటే ఏడాదిపాటు సవరించిన ప్రతిని సమర్పించడానికి వీల్లేదు. అది కూడా దాటితే రిజిస్ట్రేషనే రద్దు. శాఖలోనూ సంస్థలోనూ విచారణ కమిటీలు ఉండాలనీ, ఆరోపణ ఎదుర్కొంటున్నవారి మాట వినాలనీ ఆ నిబంధనలే చెబుతున్నాయి. అయినా చేతిలో ఒక అంకె ఉంటే థీసిస్ తెరిచి చదివే ఓపిక ఎందరికి ఉంటుంది?

ప్రయోగం చేసిన పద్ధతిని రసాయనశాస్త్ర విద్యార్థి పదిమందీ రాసే మాటల్లోనే రాస్తాడు. వేరేలా రాయాలంటే కష్టం, రాస్తే అర్థం మారే ప్రమాదం. సాఫ్ట్‌వేర్ అతణ్ని పట్టుకుంటుంది. ప్రయోగమే చేయకుండా పట్టికలో అంకెలు పుట్టించినవాడికి మాత్రం సున్నా వస్తుంది. ఆ అంకెలు అంతకుముందు ఎక్కడా లేవు కదా! ఇంగ్లిష్ పుస్తకంలోని అధ్యాయాన్ని తెలుగులోకి దించుకున్నవాడూ చాలాసార్లు ఇలాగే తప్పించుకుంటాడు.

మన తెలుగు శాఖల సంగతి మరీ విచిత్రం. యూనికోడ్ కాని ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన థీసిస్ మన కంటికి తెలుగే, యంత్రానికి మాత్రం అర్థంలేని గుర్తుల వరుస. యూనికోడ్‌లో ఉన్న మూలంతో దాన్ని పోల్చడం కుదరదు. అలాంటి ఫైలుకు వచ్చే తక్కువ శాతాన్ని సొంత రచనకు రుజువుగా చూపడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

పరిశోధన వ్యాసాల్లో పెట్టే బొమ్మల విషయంలోనూ చిక్కు ఉంది. సూక్ష్మజీవశాస్త్రవేత్త ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు 1995-2014 మధ్య 40 జర్నళ్లలో అచ్చయిన 20,621 వ్యాసాలు పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. 3.8 శాతం వ్యాసాల్లో అనుమానించదగ్గ బొమ్మలు కనిపించాయి. వాటిలో ఒకే బొమ్మ రెండుచోట్ల ఉన్నవీ ఉన్నాయి, తిప్పి పెట్టినవీ ఉన్నాయి, చెరిపి మార్చినవీ ఉన్నాయి. మొదటిది ఫైలు పేర్లు కలగాపులగమై జరిగిన పొరపాటు కావచ్చు. చివరిది పొరపాటున జరిగిందంటే నమ్మడం కష్టం. మధ్యలో ఉన్నదాని సంగతి తేలాలంటే అసలు ఫైళ్లు, ప్రయోగశాల నోటు పుస్తకాలు చూడాల్సిందే.

చూసినా తొందరపడకూడదని అమెరికా అనుభవం చెబుతోంది. 1986లో ‘సెల్’ అనే జీవశాస్త్ర పత్రికలో వచ్చిన వ్యాసానికి, దాని రచయితల్లో ఒకరైన శాస్త్రవేత్త థెరెజా ఇమానిషి-కారి డేటా కల్పించారన్న ఆరోపణ వచ్చింది. సహరచయిత నోబెల్ గ్రహీత డేవిడ్ బాల్టిమోర్ కావడంతో అది పెద్ద రచ్చయింది. ఆమె నోటు పుస్తకాలను ప్రభుత్వ దర్యాప్తు సంస్థ సీక్రెట్ సర్వీస్ నిపుణులతో పరీక్ష చేయించారు. 1994లో ప్రభుత్వ విభాగం 19 అభియోగాల్లో ఆమెను దోషిగా తేల్చింది. 1996లో అప్పీళ్ల బోర్డు ఒక్కటీ రుజువు కాలేదంది. వ్యాసంలో తప్పులు చాలానే ఉన్నాయని కూడా ఆ బోర్డే అంది. తప్పు వేరు, మోసం వేరు అని తేలడానికి పదేళ్లు పట్టింది.

కాబట్టి అంకెను అనుమానానికి ఆధారంగా వాడుకోవాలే తప్ప తీర్పుగా కాదు. ఏ పేరా ఎక్కడి నుంచి వచ్చిందో, అందులో ఉద్దేశం ఉందో నిర్లక్ష్యం ఉందో విచారణ కమిటీ రాతపూర్వకంగా చెప్పాలి. కమిటీలో ఆ సబ్జెక్టు తెలిసిన బయటి వ్యక్తి విధిగా ఉండాలి. థీసిస్‌తోపాటు మూల డేటాను విశ్వవిద్యాలయం భద్రపరచాలి. తెలుగు థీసిస్‌లను యూనికోడ్‌లోనే తీసుకోవాలి. ఇక గైడ్ల మాట. ఎత్తిరాత లేదని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది వారే. వ్యాసం అచ్చయితే రచయితల వరుసలో వారి పేరూ ఉంటుంది. తేడా బయటపడిన రోజున మాత్రం స్కాలర్ ఒక్కడే దోషిగా నిలబడుతున్నాడు. విచారణ ఆ సంతకం దగ్గరే మొదలుకావాలి.