ఒక్క యూనిట్, ఒక్క గుంట

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గింది. సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కెట్ల మీద 18 శాతం ఉన్నది 5 శాతమైంది. నల్లగొండలో నెలకు వెయ్యి రూపాయల ఇలాంటి సరుకు కొనే ఇంటికి, కంపెనీలు ఆ తగ్గింపును పూర్తిగా ధరల్లో చూపిస్తే, 110 రూపాయలు మిగలాలి. సంతోషమే. అదే ఇంటి కరెంటు మీటరు మే నెలలో 200 యూనిట్ల దగ్గర ఆగకుండా 201 చూపిస్తే మాత్రం తొమ్మిది నెలల జీఎస్టీ లాభం ఆ ఒక్క యూనిట్‌లో కొట్టుకుపోతుంది.

తెలంగాణ సర్కారు ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. ఒక్కటి దాటిందా, దాటిన ఒక్కదానికి కాదు, మొత్తం 201కి కట్టాలి. పైగా 200 దాటిన కనెక్షన్‌కు స్లాబే మారుతుంది: మొదటి 200కు యూనిట్‌కు 5 రూపాయల 10 పైసలు, ఆ పైదానికి 7 రూపాయల 70 పైసలు. అంటే ఎనర్జీ చార్జీలే 1,027 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం అదనం.

200 యూనిట్లంటే రోజుకు ఆరున్నర పైచిలుకు. రెండు ఫ్యాన్లు పదిహేను గంటలు తిరిగితే రెండుంబావు. ఫ్రిజ్ ఒకటింబావు. కూలర్ పది గంటలకు దాదాపు రెండు. అర హెచ్‌పీ మోటారు గంటసేపు వేస్తే అర యూనిట్‌కు కాస్త తక్కువ. టీవీ, బల్బులు కలిపితే ఆరున్నరకు చేరినట్టే. నల్లగొండ ఎండల్లో కూలర్ పది గంటలతో సరిపెట్టుకునే ఇల్లెక్కడుంది? ఇది దుబారా చేసేవాళ్ల ఇల్లు కాదు, చంటిపిల్లో ముసలివాళ్లో ఉన్న ఇల్లు. రీడింగ్ తీసిన ఇరవయ్యో రోజున మీటరు చూసుకుని, 133 దాటితే కూలర్ కట్టేయడం తప్ప వాళ్ల చేతిలో ఉపాయం లేదు.

ఇప్పుడు ఆదాయపు పన్ను వైపు చూడండి. కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదు. 12 లక్షల 10 వేలు వచ్చినవాడికి స్లాబుల ప్రకారం 61,500 పడాలి. పడదు. గీత దాటి సంపాదించింది 10 వేలే కాబట్టి పన్ను కూడా 10 వేలు మించకూడదని చట్టమే అడ్డుపడుతుంది, సెస్సు వేరు. దీన్నే మార్జినల్ రిలీఫ్ అంటారు. గీత దగ్గర మనిషి గోతిలో పడకుండా కట్టిన మెట్టు అది. నెలకు లక్ష సంపాదించేవాడికి ఆ మెట్టు ఉంది, కూలర్ వేసుకున్న కూలి ఇంటికి లేదు.

రేషన్ కార్డు కథా అంతే. పల్లెల్లో ఏడాది ఆదాయ పరిమితి లక్షన్నర, నెలకు 12,500. నలుగురున్న ఇంటికి తలా ఆరు కిలోల చొప్పున 24 కిలోల సన్నబియ్యం. కిలో 50 వేసుకున్నా నెలకు 1,200. కొడుకు జీతం ఐదు వందలు పెరిగి గీత దాటితే, నిబంధన ప్రకారం కార్డు పోవాలి. కార్డుతోపాటే జీరో బిల్లు, 500 రూపాయల సిలిండర్ కూడా పోతాయి. జీతం పెరిగిందని చెప్పుకోవడానికి జనం భయపడితే తప్పు జనానిదా?

అన్నిటికన్నా అన్యాయం భూమి దగ్గర. భూమి ఉన్న రైతుకిచ్చే పెట్టుబడి సాయం, రైతు భరోసా, ఎకరాకు ఏడాదికి 12,000. భూమి లేని కూలి కుటుంబానికి ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద ప్రకటించింది కూడా 12,000. రెండూ సమానమని చప్పట్లు కొట్టారు. కానీ ఎకరాకు 40 గుంటలు. అన్నదమ్ములు పంచుకోగా ఐదు గుంటలు మిగిలినవాడికి రైతు భరోసా సీజన్‌కు 750, ఏడాదికి 1,500. పట్టా ఉంది కనుక కూలి కింద రాడు. ఆ ఐదు గుంటల ఖరీదు ఏడాదికి 10,500 నష్టం. 20 గుంటలున్నవాడికి నష్టం 6,000. సరిగ్గా ఎకరం ఉంటేనే లెక్క సరిపోతుంది. అంతకు తక్కువున్న ప్రతి పాస్‌బుక్కూ శిక్షే. ఇలాగైతే కోడలి పేర నాలుగు గుంటలు ఎక్కించే మామ ఒక్కడైనా ఉంటాడా?

ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా, ఖజానాకు హద్దు లేదా అని అధికారులు అడుగుతారు. గీయండి. గీత దగ్గర వాలు పెట్టమంటున్నాం, అంతే. ఢిల్లీలో 200 యూనిట్లు ఉచితమిచ్చి, 201 నుంచి 400 దాకా సగం సబ్సిడీ పెట్టారు, 800 రూపాయలకు మించకుండా. ఇక్కడ 200 పైనున్న యూనిట్లకే బిల్లు వేస్తే చాలు. ఆత్మీయ భరోసాలో ఇంకా సులువు: రైతు భరోసా 12,000కు తక్కువ పడిన కూలి కుటుంబానికి ఆ తేడా వేయాలి. పట్టా వివరాలు, బ్యాంకు ఖాతా సర్కారు దగ్గరే ఉన్నాయి, కొత్త దరఖాస్తు కూడా అక్కర్లేదు.

ఇక పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా సంగతి. రైతు భరోసా, ఆత్మీయ భరోసాలను 2025 జనవరి 26న మొదలుపెట్టింది నారాయణపేట జిల్లా కోస్గి మండలం చంద్రవంచలో. ఆత్మీయ భరోసాకు షరతు, 2023-24లో ఉపాధి హామీ పని కనీసం 20 రోజులు చేసి ఉండటం. కోస్గి, మద్దూరు, దామరగిద్ద వైపు నుంచి ముంబై, పుణెలకు మేస్త్రీ వెంట పోయే కుటుంబాలు ఎన్ని! ఊళ్లో పని సరిపోకనే పోతారు. పోయినందుకు ఉపాధి హామీ హాజరు పట్టీలో, అంటే మస్టరులో, పేరుండదు. మస్టరులో లేనందుకు కూలీ కాదు. గుంట భూమి లేకుండా, ఏడాదిలో ఎనిమిది నెలలు తట్ట మోసే మనిషి ఆ కాగితంలో కూలీయే కాదు. వాళ్లకు జాబ్‌కార్డుంటే చాలదా? లేదంటే దసరాకో ఉగాదికో వాళ్లు ఊరికొచ్చిన వారంలో గ్రామసభ పెట్టి, ఎవరు వలస పోతున్నారో ఊరినే అడగండి. ఏ ఇంటికి ఎన్ని నెలలు తాళం ఉంటుందో ఊరికి తెలుసు.