టైమింగ్ బెల్టు చాటున కాపురముంటున్న వాటర్ పంపు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వాటర్ పంపు గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ తమరి నడుం కింద, సీలు కారితే బయటపెట్టే ఆ బుల్లి చిల్లు, వీప్ హోలు దగ్గర్నుంచి, ఉప్పు పేరుకున్నట్టు ఎండిన గులాబీ రంగు చార ఒకటి కిందికి దిగి ఉంది. తమరి కుశలం దాంతోనే తెలిసిపోయింది. మా కుశలం మాత్రం అడక్కండి. ముందు చక్రం ఊడదీసి, ఇంజిన్‌ను జాకీ మీద నిలబెట్టి, నోట్లో టార్చి పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నవాడికి కుశలం ఎక్కణ్ణుంచి వస్తుంది!

ఈ ఫిర్యాదు ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌ను తిప్పే తమరి పనితనం మీద కాదు, తమరి నివాసం మీద. ఒక ఇరుసు, దానికి ఒక కొసన పుల్లీ, రెండో కొసన రెక్కల చక్రం, మధ్యలో బేరింగు, సీలు. ఇంతే కదా తమరి ఆస్తి. పట్టి ఉంచేవి ఐదారు బోల్టులు, 10 ఎంఎం తలకాయలవి. చేతికందే చోట ఉంటే అరగంటలో విప్పి కొత్తది బిగించెయ్యొచ్చు. తమరేమో, పిస్టన్లు తిప్పే క్రాంక్ ఇరుసును వాల్వులు తెరిచే క్యామ్ ఇరుసుతో కలిపే టైమింగ్ బెల్టు వెనక కాపురం పెట్టారు. దర్శనానికి రావాలంటే ముందు చక్రం, దాని వెనక ప్లాస్టిక్ తొడుగు, ఆల్టర్నేటర్ బెల్టు, ఒక పక్క ఇంజిన్ మౌంటు, క్రాంక్ పుల్లీ, పై కవరు, కింది కవరు, ఆఖరికి టైమింగ్ బెల్టు. ఇన్ని ప్రాకారాలు దాటితేగానీ గర్భగుడి రాదు. తీరా వచ్చాక లోపల దేవుడు కారుతూ ఉంటాడు.

పళ్ళ బెల్టుతో క్యామ్‌ను తిప్పే పద్ధతి పెద్ద సంఖ్యలో తయారైన కారులోకి వచ్చింది 1962లో, జర్మనీలో తయారైన గ్లాస్ 1004తో. గొలుసు కంటే చప్పుడు తక్కువ, నూనె అక్కర్లేదు, చవక. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత తర్వాత డిజైన్ చేసేవాళ్ళకు, ఎలాగూ బెల్టు తిరుగుతోంది కదా, దాని వీపు మీద పంపును కూడా ఎక్కిస్తే ఒక పుల్లీ మిగులుతుందని తోచింది. మిగిలింది పుల్లీ, పోయింది మా ఆదివారం. తమరి దాయాదులు కొందరు బయట ఆల్టర్నేటర్ బెల్టు మీదే బతుకుతున్నారు. కారితే నేల మీద చుక్క పడుతుంది, మూలిగితే వినిపిస్తుంది. వాళ్ళు మర్యాదస్తులు.

తమరలా కాదు. కూలెంట్ సీలు దాటి వీప్ హోలులోంచి బయటికొచ్చినా కవరు లోపలే కారి, ఇంజిన్ వేడికి అక్కడే ఆరిపోతుంది. నేల పొడిగా ఉంటుంది, కూలెంట్ డబ్బాలో మట్టం మాత్రం వారం వారం ఒక గీత తగ్గుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇదే. బండి ఆపాక బానెట్ దగ్గర తియ్యటి వాసన వస్తే అదొక్కటే సాక్ష్యం.

పోనీ తమరొక్కరే పోతారా అంటే అదీ లేదు. బేరింగు అరిగితే తమరి పుల్లీ ఊగుతుంది. పుల్లీ ఊగితే బెల్టు పక్కకు జరిగి, అంచు కవరుకు రాసుకుంటూ పోగులు పోగులుగా చీలుతుంది. బేరింగు పట్టేస్తే బెల్టు మాడిపోతుంది, లేదా పళ్ళు రాలగొట్టుకుంటుంది. ఇంటర్‌ఫియరెన్స్ రకం ఇంజిన్‌లో వాల్వులూ పిస్టన్లూ ఒకే జాగాను వంతులేసుకుని వాడుకుంటాయి. వంతులు చెప్పేది బెల్టు. అది తెగిన మరుక్షణం వంతులుండవు, వంగిన వాల్వులే ఉంటాయి. సిలిండర్ హెడ్ దించి లెక్క తేల్చుకోవాల్సిందే. ఇంత విధ్వంసానికీ మూలం అరిచేతిలో పట్టే తమరేనని ఎవరికైనా చెబితే నమ్మరు.

అందుకే బెల్టు మార్చేటప్పుడు “పంపు బాగానే ఉందిగా, దాన్నెందుకు కదపడం” అనే పెద్దమనుషులంటే తమరికి ప్రాణం. లక్ష కిలోమీటర్లు తిరిగిన బేరింగు మీద కొత్త బెల్టు బిగువు తెచ్చి వేస్తారు. మళ్ళీ ఆ కవరు విప్పేదాకా అది ఇంకో లక్ష తిరగాలి. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్, దాని దారి మళ్ళించే ఐడ్లర్ పుల్లీల కథా ఇంతే, అవీ బేరింగులే. కంపెనీ పుస్తకంలో బెల్టుకు కిలోమీటర్లూ ఏళ్ళూ రెండూ రాసి ఉంటాయి, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. రబ్బరు షెడ్డులో కూర్చున్నా ముసలిదవుతుంది. ఆ రోజున బెల్టు, టెన్షనర్, ఐడ్లర్, తమరు నలుగురూ కలిసి దిగాలి, కలిసే కొత్తవాళ్ళు ఎక్కాలి.

ఇక తమరిని ఖాళీ చేయించే కార్యక్రమం. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ నెగటివ్ తీసెయ్యాలి, బండి జాకీ మీద కాదు స్టాండ్ల మీద నిలబడాలి. మౌంటు విప్పే ముందు ఆయిల్ చాంబర్ కింద చెక్క ముక్క పెట్టి ఇంకో జాకీతో ఇంజిన్‌ను పట్టుకోవాలి. చెక్క లేకుండా జాకీ తల నేరుగా ఆనిస్తే చాంబర్‌కు సొట్ట పడుతుంది.

క్రాంక్ బోల్టు దగ్గర చాలామంది బుద్ధి దారి తప్పుతుంది. పొడవాటి రాడ్డును నేలకు ఆనించి స్టార్టర్ కొట్టే కిటుకు ఒకటుంది. అది పనిచేసినప్పుడు అందరూ చెబుతారు, రాడ్డు ఎగిరి మోచెయ్యి విరిగినప్పుడు ఎవరూ చెప్పరు. పుల్లీని పట్టి ఉంచే పనిముట్టు వాడండి. ఆ బోల్టు బిగువును క్యామ్ లాకింగ్ పిన్నుల మీద మాత్రం మోపకండి. అవి జాగా చూపడానికే గానీ బరువు మొయ్యడానికి కాదు. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ పళ్ళ చక్రానికి జారకుండా ఆపే చిన్న లోహపు ముక్క, కీ కూడా ఉండదు. బోల్టు బిగువే దాన్ని పట్టుకుంటుంది. అక్కడ బోల్టు వదులైతే టైమింగూ వదులైనట్టే.

బెల్టు తీసే ముందు ఒకటో సిలిండర్‌ను టీడీసీకి, అంటే పిస్టన్ పూర్తిగా పైకెళ్ళే చోటికి తేవాలి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టే తిరుగుతుంది. కాబట్టి క్రాంక్ గుర్తు కలిసినా క్యామ్ గుర్తు ఎదురుగా ఎక్కడో ఉంటే ఇంకో చుట్టు తిప్పాలి. తిప్పడం ఎప్పుడూ ఇంజిన్ నడిచే దిశలోనే, క్రాంక్ బోల్టు పట్టుకునే. గుర్తు చూడాల్సింది లోపలి పళ్ళ చక్రం మీద. బయటి పుల్లీ రెండు ముక్కలు, మధ్యలో రబ్బరు. వయసు మీదపడ్డాక బయటి రింగు జారి అబద్ధం చెబుతుంది. గుర్తులు కలిశాక తెల్ల పెయింటుతో మన గీతలు కూడా పెట్టుకుని, పాత బెల్టు మీద గుర్తుకూ గుర్తుకూ మధ్య పళ్ళు లెక్కేసి రాసుకోవాలి. ఆ తర్వాతే టెన్షనర్ వదులు చెయ్యడం. బెల్టు ఊడాక క్యామ్ గానీ క్రాంక్ గానీ సరదాకైనా తిప్పకూడదు. వాల్వులు వంచడానికి ఇంజిన్ నడవక్కర్లేదు, పొడుగు పానా చాలు.

ఇప్పుడు తమరూ మేమూ ముఖాముఖి. పుల్లీని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని కదిపితే టిక్కుటిక్కుమంటారు. తిప్పితే ఇసుక నమిలినట్టు గరగర. రేడియేటర్ కింది హోసు తీసి కూలెంటంతా వదిలేశామనుకున్నవాడికి తమరిచ్చే వీడ్కోలు కానుక వేరే ఉంది. ప్యాకింగు విడివడిన క్షణాన బ్లాకులో దాచిన మిగతా నీళ్ళన్నీ ముంజేతి మీదుగా చంకలోకి పంపిస్తారు. అందుకే తమరిని లాగే ముందు కింద వెడల్పాటి తొట్టి పెట్టి, క్రాంక్ పళ్ళ చక్రం, సెన్సర్ మీద పాలిథిన్ కప్పాలి. కొత్త బెల్టు ఆ సమయంలో దాని కవరులోనే ఉండాలి.

తమరిని బల్ల మీద కొత్తవాడి పక్కన పడుకోబెట్టి పోల్చాలి. పుల్లీ ఎత్తు, పళ్ళుంటే పళ్ళ లెక్క, రెక్కల చక్రం వెడల్పు. కొన్ని పాత ప్లాస్టిక్ రెక్కల పంపుల్లో ఒక వింత కనబడుతుంది. రెక్కలు ఇరుసు మీద వదులై ఉంటాయి. బయట పుల్లీ ఒళ్ళు హూనం చేసుకుని గిరగిరా తిరుగుతుంటే లోపల రెక్కలు విశ్రాంతి తీసుకుంటున్నాయన్నమాట. హాజరుపట్టీలో సంతకం ఉంటుంది, కుర్చీలో మనిషి ఉండడు.

తమరు కూర్చున్న చోటు శుభ్రం చెయ్యడం మొత్తం పనిలో ఓపిక కోరేది. ఊచ, ఉలి అక్కర్లేదు. అల్యూమినియం మెత్తన, ఒక్క గీత పడితే అదే రేపటి కారుడుకు కాలవ. ప్లాస్టిక్ గోకుడు ముక్కతో పాత ప్యాకింగు తీసి, గుడ్డతో తుడిచి, వేలి గోరు నడిపి చూడాలి. గోరుకు ఏదీ తగలకూడదు. ఓ-రింగు ఉన్న రకమైతే గాడిలో పెట్టే ముందు కూలెంట్‌తో తడిపితే చాలు. ఆయిలూ గ్రీసూ ఆ రబ్బరుకు పడవు, ఉబ్బిపోతుంది. సీలెంటు కంపెనీ చెప్పిన చోటే, సన్నటి గీతగా. అన్నీ వాడితే మంచిదేనని ఓ-రింగు మీద సీలెంటు, ప్యాకింగు మీద సీలెంటు దట్టించేవాళ్ళున్నారు. బయటికి పొంగిన సీలెంటు వాళ్ళకు కనబడుతుంది, లోపలికి పొంగింది తెగి హీటర్ గొట్టాల్లో చేరిన సంగతి చలికాలంలో తెలుస్తుంది.

ఆ బోల్టులు ఎం6 సైజువి. వాటికి సాధారణంగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు, కచ్చితమైన అంకె మాత్రం పుస్తకంలోదే. ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించాలి. “ఇంకొంచెం” అన్న మాట నోట్లోంచి వచ్చిందంటే బ్లాకులో మర ఊడి బోల్టుతో పాటు బయటికొస్తుంది.

బెల్టు మీద బాణం ఉంటే ఇంజిన్ తిరిగే వైపు చూడాలి. క్రాంక్ దగ్గర మొదలుపెట్టి, టెన్షనర్ లేని వైపు బిర్రుగా లాగుతూ క్యామ్ మీదికెక్కించి, వదులంతా టెన్షనర్ వైపు తేవాలి. స్క్రూడ్రైవర్‌తో ఎక్కించకూడదు, వేళ్ళతో ఎక్కకపోతే ఎక్కడో తప్పుంది. బెల్టును మెలితిప్పినా, మడత పెట్టినా లోపలి గాజు పోగులు విరుగుతాయి, పైకి నున్నగానే కనిపిస్తుంది. టెన్షనర్ ముల్లు గాడికి ఎదురుగా నిలవాలి. హైడ్రాలిక్ రకమైతే వైస్‌లో పెట్టి నిదానంగా నొక్కి పిన్ను దూర్చాలి. తొందరపడి నొక్కితే దాని సీలు చిట్లుతుంది. బిగువు ఎక్కువైతే కొత్తవారి బేరింగే ముందు ఏడుస్తుంది, తక్కువైతే బెల్టు పన్ను దాటుతుంది. 40 పళ్ళ క్యామ్ చక్రం మీద ఒక్క పన్ను తప్పితే క్యామ్ దగ్గర 9 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 18. “ఒక్క పన్నేగా” అనుకునేవాళ్ళు పళ్ళడాక్టరు దగ్గర కూడా అలాగే అనుకుంటారా?

పిన్ను లాగాక చేత్తో క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులన్నీ మళ్ళీ చూడాలి. మధ్యలో లోహం లోహానికి తగిలినట్టు గట్టిగా ఆగితే అక్కడే ఆగాలి, బలం వాడకూడదు. కంప్రెషన్ బరువు మెత్తగా నెడుతుంది, వాల్వు మెత్తగా నెట్టదు. ఆ రెండు చుట్లకు బద్ధకించి నేరుగా తాళం తిప్పేవాణ్ణి తలచుకుంటే, మీరైనా, ఎంత కారేవారైనా, ఒక నిట్టూర్పు విడుస్తారు.

క్రాంక్ బోల్టుకు కొన్ని ఇంజిన్లలో టార్క్ (చెప్పినంత బిగువు) ఇచ్చాక ఇంకా ఇన్ని డిగ్రీలు తిప్పమని ఉంటుంది. అలా సాగే బోల్టును రెండోసారి వాడరు, కొత్తదే.

కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. కుళాయి నీళ్ళలోని లవణాలు లోపల పొరలు కడతాయి. రంగు కలిసింది కదా అని రకం కలిసిందనుకోవద్దు, రంగుకు ఏ ప్రమాణమూ లేదు. హీటర్ పూర్తి వేడిలో పెట్టి, బ్లీడ్ స్క్రూ ఉంటే తెరిచి, నిదానంగా పోయాలి. వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే హీటర్ మాత్రం చల్లగాలి కొడుతోందంటే లోపల గాలి బుడగ చిక్కుకుందని. నీళ్ళను అంత దర్జాగా తోసే తమరికి గాలిని తోయడం చేతకాదు మరి. ఇంజిన్ ఆపి, చల్లారాక మళ్ళీ పొయ్యాలి. వేడి మీద మూత విప్పకూడదు.

తొట్టిలో మిగిలిన పాత కూలెంటు తియ్యగా ఉంటుంది. కుక్కలూ పిల్లులూ నాకుతాయి, నాకితే మూత్రపిండాలు పోతాయి. తమరిని పాత సామాన్ల కుప్పలో వేసే ముందు దానికి మూత పెట్టడమే మొదటి పని.

ఇట్లు,
తమరి పాత ఇంటి ముందు టార్క్ రించ్ పట్టుకు నిలబడ్డ
భవదీయుడు

తా.క.: తమరి వారసుడి కింద నేల మీద ఒక తెల్ల అట్టముక్క పరిచాం. వారం రోజులు అక్కడే ఉంటుంది, డబ్బా మీద మట్టం దగ్గర పెన్నుతో గీత కూడా గీశాం. అట్ట పొడిగా ఉండి మట్టం గీత కిందికి దిగిందంటే, కవరు మళ్ళీ విప్పుతాం. అప్పుడు రాసే లేఖలో “గారు” ఉండదు.