సవరణ: క్రియోసోట్ వేషం టెర్రీ జోన్స్‌ది

1983 నాటి బ్రిటిష్ హాస్యచిత్రం ‘మాంటీ పైథాన్స్ ది మీనింగ్ ఆఫ్ లైఫ్’ గురించి ఇంతకుముందు పెట్టిన టపాలో, రెస్టారెంటులో తిని తిని పేలిపోయే మిస్టర్ క్రియోసోట్‌గా జాన్ క్లీజ్ నటించారనీ, ఆ చిత్రానికి కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారమైన పామ్ డోర్ దక్కిందనీ ఉంది. ఈ రెండూ సరికావు. భారీ కృత్రిమ దేహం తొడుక్కుని క్రియోసోట్‌గా నటించినది చిత్ర దర్శకుడు టెర్రీ జోన్స్. క్లీజ్ వేసినది అతనికి దగ్గరుండి వడ్డన జరిపించే ఫ్రెంచి యాస పెద్ద వెయిటరు పాత్ర. పామ్ డోర్ ఆ ఏడాది జపాన్ చిత్రం ‘ది బాలడ్ ఆఫ్ నరయామా’కు వెళ్లింది, దీనికి వచ్చినది దాని తరువాతి స్థాయి పురస్కారమైన గ్రాండ్ ప్రీ.

అవార్డు సంగతి అలా ఉంచితే, ఎవరు ఏ వేషం వేశారన్నది మాత్రం స్పష్టంగా ఉండి తీరాలి. ఎందుకంటే ఆ సన్నివేశంలో వాంతి ఎంత ధారగా పారినా, నా దృష్టిలో అసలు నవ్వు పుట్టేది దాని పక్కన చెక్కుచెదరకుండా నిలబడిన మర్యాద నుంచే. నేల తుడిచే మనిషి వీపు మీద క్రియోసోట్ కక్కుతున్నా వెయిటరు వినయం సడలదు. ఇక చాలన్నా వినకుండా, పలుచని పుదీనా బిళ్ల ఒక్కటే కదా అని బతిమాలి నోట్లో పెట్టి, మరుక్షణమే పరుగెత్తి చాటుకు దూకుతాడు. పేలుడు తరువాత, తెరుచుకున్న పక్కటెముకల మధ్య గుండె ఇంకా కొట్టుకుంటుండగానే, అదే వినయంతో బిల్లు తెచ్చి ఇస్తాడు.